కొండ దాటి తెచ్చిన అన్నం

పీరు గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అతను సన్మానాలు అందుకున్న మనిషి కాదు, పేపర్లో ఫొటో పడిన మనిషీ కాదు. పెదకాకానిలో ఉంటాడు, బస్సు నడుపుతాడు. అయితే అతని సంగతి చెప్పాలంటే ముందు నేను చేసిన పని చెప్పాలి. అది చెప్పడానికి మొహం చెల్లక ఇన్నాళ్లూ ఊరుకున్నాను.

నా పేరు వెంకటరావమ్మ. ముప్ఫై మూడేళ్లు హైస్కూల్లో హిందీ చెప్పి, ప్రత్తిపాడులోనే రిటైరయ్యాను. నా గొంతు మూడు క్లాసులకు వినపడేదని తోటి టీచర్లు అనేవాళ్లు. చాలాకాలం అది మెచ్చుకోలే అనుకున్నాను. ఎదుటివాళ్ల మాట పూర్తయ్యేదాకా ఆగే అలవాటు నాకు లేదని ఎవరూ నా మొహం మీద చెప్పలేదు. మావారు రెండుసార్లు చెప్పబోయారు గానీ, ఆయన మాట కూడా పూర్తికానివ్వలేదు.

2004 జనవరిలో కాశీయాత్ర బస్సెక్కాను. గుంటూరు త్రినాథ్ గారు ఏటా నడిపే యాత్ర అది. ముప్ఫై ఆరు రోజులు. కాశీ, గయ, ప్రయాగ, మధుర, అక్కణ్ణించి ఎడారి అంచున ఉన్న పుష్కరం, తిరుగుదారిలో ఉజ్జయిని, నాసిక్. మావారు మిరప చేను వదిలి రానన్నారు. నేను మాత్రం పుష్కరంలో సావిత్రి అమ్మవారి కొండ ఎక్కి కుంకుమ తెస్తానని మా వీధిలో ముత్తయిదువలందరికీ మాటిచ్చి బయల్దేరాను. నలభై రెండు మందిమి. పొలం పనులు పిల్లలకు అప్పజెప్పి వచ్చిన పెద్దవాళ్లే అంతా. హిందీ వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కావడంతో, మొదటి రోజు నుంచే బస్సుకు పెద్దరికం నాదే అయింది. ఎవరూ ఇవ్వలేదు, నేనే తీసుకున్నాను.

ఆ యాత్రకొక నియమం ఉంది. ఎక్కిన రోజు నుంచి దిగే రోజు దాకా నీచు ముట్టకూడదు, ఉల్లీ వెల్లుల్లీ కూడా లేవు. వంటమనిషి యలమంద నరసరావుపేట వైపు వాడు. సత్రం దొరికితే సత్రంలో, లేకపోతే రోడ్డు పక్కన గాడిపొయ్యి తవ్వి, గంటన్నరలో నలభై మందికి పప్పూ, పులుసూ, వేపుడూ దించేవాడు. నియమం డ్రైవరుకు కూడా వర్తిస్తుందని త్రినాథ్ గారు మొదటే చెప్పారు.

“పీరుకి నేను చెప్పక్కర్లేదండీ. తనే ముందు ఒప్పుకున్నాడు,” అన్నారాయన.

ఆ పేరు వినగానే మాలో కొందరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఎవరూ పైకి ఏమీ అనలేదు. కానీ మొదటి రోజు భోజనాల దగ్గరే డ్రైవరు పళ్లెం వేరైపోయింది. వేరుగా పెట్టమని ఎవరూ చెప్పలేదు, కలిపి పెట్టమనీ ఎవరూ చెప్పలేదు. అతను తన స్టీలు పళ్లెం తనే తెచ్చుకున్నాడు. అందరివీ అయ్యాక బస్సు మెట్టు మీద కూర్చుని తినేవాడు. యలమంద గరిటె తగలకుండా పైనుంచి వడ్డించేవాడు. తిన్నాక తనే కడిగి, తువ్వాలులో చుట్టి, సీటు కింద పెట్టుకునేవాడు. ఆ పళ్లెం వంక నేను ఒక్కసారి కూడా పరీక్షగా చూడలేదు.

పీరుకి నలభై ఏళ్లుంటాయి. సన్నటి మనిషి, మాట తక్కువ. వాళ్లు దూదేకులవాళ్లు. తండ్రి విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పత్తి ఏకేవాడట. తల్లి మదార్‌బీ పరుపులు కుట్టేది. మిషన్లు వచ్చాక విల్లు మూలపడింది, ఫోము పరుపులు వచ్చాక సూది కూడా. పీరు లారీ ఎక్కాడు. పిడుగురాళ్ల నుంచి సున్నం, గుంటూరు యార్డు నుంచి మిరప టిక్కీలు, అంటే బస్తాలు. మిరప ఘాటుకు దగ్గు పట్టుకుంటే లారీ మాని బస్సు పట్టాడు. ఇవన్నీ నాకు తర్వాత తెలిసినవి. ముప్ఫై ఆరు రోజుల్లో మొదటి ఇరవై నాలుగు రోజులూ నాకు అతను ఒక వీపు మాత్రమే.

మధురలో ఒక మధ్యాహ్నం అతను అన్నం తినలేదు. ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్ నుంచి బయటికొచ్చి, బస్సు మెట్టు మీద కూర్చుని, పళ్లెం బోర్లించి పక్కన పెట్టుకున్నాడు. యలమంద రెండుసార్లు పిలిచాడు. చెయ్యి అడ్డంగా ఊపాడు.

“రాత్రి ఎక్కడో తాగొచ్చుంటాడు. దిగినట్టు లేదు,” అన్నాను పక్కనున్న శివపార్వతితో. నా గొంతు సంగతి చెప్పానుగా. పది గజాల దూరంలో ఉన్న అతనికి వినపడకుండా ఉండే అవకాశమే లేదు. అతను తలెత్తి చూడలేదు. కాసేపటికి లేచి మొహం కడుక్కుని, అద్దం తుడిచి, బస్సు తీశాడు. ఆ రోజు జైపూరు దాకా ఒక్క కుదుపు లేకుండా నడిపాడు.

జైపూరు చుట్టుపక్కల గుళ్లు నాలుగు రోజులు తిరిగాక పుష్కరం చేరాం. అక్కడ మాకు రెండు రాత్రుల మకాం. చిన్న ఊరు. మధ్యలో సరస్సు, చుట్టూ ఘాట్లు, ఒకవైపు ఇళ్లు ఆగిపోయిన చోటే ఇసుక మొదలవుతుంది. ఆ ఊళ్లో మాంసం లేదు, గుడ్డు కూడా అమ్మరు. అది వినగానే మావాళ్లకు ప్రాణం లేచొచ్చింది. మొదటి రోజు ఘాటు దగ్గర పిండప్రదానాలు అయ్యేసరికి పొద్దుపోయి, యలమందకు సెలవిచ్చి అందరం అక్కడి భోజన హోటల్‌కే వెళ్లాం. సజ్జ రొట్టెలు, సెనగపిండి ముక్కల కూర, ఎండబెట్టిన ఏవో కాయల వేపుడు వడ్డించారు. ఆ కాయలేంటని హోటలతన్ని అడిగాను.

ఎడారి చెట్ల కాయలట. వాన లేని చోట కూరగాయలు ఎక్కణ్ణించి వస్తాయి, దొరికినప్పుడు కోసి ఎండబెట్టుకుని ఏడాదంతా తింటాం అన్నాడు. నాకు ముచ్చటేసింది. మేమూ అంతేగా, మిరపకాయ దగ్గర్నుంచి మామిడి ఒరుగుల దాకా ఎండబెట్టుకునే బతుకులేగా అనుకున్నాను. మావాళ్లు మాత్రం కూర ఎర్రగా ఉందే గానీ కారం లేదని పెదవి విరిచి, సంచుల్లోంచి గోంగూర పచ్చడీ, కారప్పొడీ తీసి కలుపుకున్నారు. హోటలతను ఒక వేలు కారప్పొడి నాలిక మీద వేసుకుని రెండు చెంబుల నీళ్లు తాగాడు. ఆ యాత్రలో నేను మనసారా నవ్వింది అప్పుడే. పీరు ఆ హోటలుకు రాలేదు. రమ్మని నేను పిలవనూ లేదు.

మర్నాడు పొద్దున్నుంచీ డ్రైవరు కనపడలేదు. బస్సు కడగలేదని ఎవరో అన్నారు. ఎక్కడికి పోయాడంటే యలమంద, “తెల్లవారుజామునే కొండెక్కి పోవడం చూశానమ్మా,” అన్నాడు. ఆ కొండకు అవతల అజ్మీర్ పట్నం ఉంది. ఊళ్లో ఏదీ దొరకదని అవతలికి వెళ్లాడన్నమాట అని నాలో నేనే లెక్క తేల్చేసుకున్నాను.

మధ్యాహ్నం ఒంటిగంటప్పుడు పెట్టెలోంచి చీర తెచ్చుకుందామని సత్రం దొడ్లో నిలబెట్టిన బస్సు దగ్గరికి వెళ్లాను. గోడ పక్కన తెల్లగుడ్డ పరిచి ఉంది. గుడ్డ మీద అన్నం. పసుప్పచ్చగా, నెయ్యి మెరుస్తూ, మధ్యమధ్య నల్లగా ఏవో ముక్కలు. పక్కన పీరు గొంతుక్కూర్చుని కాకుల్ని తోలుతున్నాడు. చెప్పులు విప్పి ఉన్నాడు, పాదాలు గీరుకుపోయి ఉన్నాయి.

“ఏమయ్యా డ్రైవరూ, ఏంటిది?”

“అన్నమండీ టీచరుగారూ. అజ్మీర్ దర్గాలో...”

“తెలుస్తూనే ఉంది! ఈ ఊళ్లో గుడ్డు కూడా దొరకదని కొండ దాటిపోయి బిర్యానీ తెచ్చుకున్నావా? నలభై రెండు మందిమి నిష్ఠగా తిరుగుతుంటే, మేమెక్కే బస్సులో పెడతావా దాన్ని?”

“బిర్యానీ కాదండీ, ఒక్కమాట వినండి...”

నేను వినలేదు. వంగి గుడ్డ కొస పట్టుకుని ఒక్క విసురు విసిరాను. అన్నమంతా దొడ్డి మట్టిలో చెల్లాచెదురైంది. ఎక్కణ్ణించో ఒక ఆవు వచ్చింది. ఆ ఊళ్లో ఆవులకు కొదవ లేదు. మూతి పెట్టి గబగబా తినడం మొదలుపెట్టింది. పీరు లేచి రెండు చేతులూ చాచి ఆవు వైపు రెండడుగులు వేసి, మళ్లీ ఆగిపోయాడు. ఆవును అదిలించడానికి అతనికి మనసు రాలేదు.

నా అరుపులకు యలమంద పరిగెత్తుకొచ్చాడు. కిందపడిన నాలుగు మెతుకులు వేళ్లతో తీసి వాసన చూశాడు, నోట్లో వేసుకున్నాడు. వంటవాడి నాలుక అబద్ధం చెప్పదు.

“టీచరమ్మా, ఇది తీపన్నం. నెయ్యి, పంచదార, కుంకుమపువ్వు. ఆ నల్లవి ఎండు ద్రాక్షలు. మాంసం అన్న మాటే లేదిందులో.”

అప్పటికి ఆవు మట్టితో సహా నాకేసింది. పీరు గుడ్డ తీసి, దులిపి, నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. “పోన్లెండమ్మా, నోరున్న జీవే తింది,” అన్నాడు. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది.

త్రినాథ్ గారు వచ్చి చెప్పారు. పీరుకి ఏడేళ్లప్పుడు టైఫాయిడ్ వచ్చి మనిషి దక్కడన్నారట. కొడుకు బతికితే కాలినడకన కొండ దాటి అజ్మీర్ దర్గాలోని ఖ్వాజా సన్నిధికి వెళ్తామని, అక్కడి పెద్ద కాగులో వండే అన్నం తెచ్చి వాడలో అందరికీ పంచుతామని మదార్‌బీ మొక్కుకుందట. ఆ కాగులో ఎన్నడూ మాంసం వేయరట, అందరూ తినాలని. పరుపులు కుట్టుకునేవాళ్లకు గుంటూరు నుంచి అజ్మీర్ అంటే మాటలా? మొక్కు అలాగే ముప్ఫై ఏళ్లు ఉండిపోయింది. ఎప్పుడూ రామేశ్వరం వైపు బస్సు నడిపే పీరు ఈ ఏడు పట్టుబట్టి ఈ యాత్ర అడిగి తీసుకున్నది అందుకే.

“ఆ అన్నం ఎండబెట్టి తీసుకురా, నా నోట్లో నాలుగు మెతుకులు వెయ్యి అని వాళ్లమ్మ పంపిందండీ. పొద్దున నా దగ్గర సెలవు తీసుకునే వెళ్లాడు. మీరు నన్నొక్కమాట అడగాల్సింది మేడం,” అన్నారాయన.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే గొప్పగా ఉంటుంది గానీ, పట్టింది. అలసిపోయి ఉన్నాను. పొద్దున లేచేసరికి మాత్రం ఏం చెయ్యాలో తేలిపోయింది. బస్సు మధ్యాహ్నం రెండింటికి కదులుతుంది. అందరూ సావిత్రి కొండకు తయారవుతున్నారు. నేను చెప్పులు వేసుకుని బస్సు దగ్గరికి వెళ్లాను.

“పీరూ, లే. అజ్మీర్ వెళ్దాం.”

“ఎందుకులెండి టీచరుగారూ. అయిపోయిందిగా.”

“నువ్వు నడిచి తెచ్చింది నేను పారబోశాను. నేనూ నడిచే తెస్తాను. దారి చూపించు చాలు.”

“మీ మోకాళ్లు...”

“నా మోకాళ్ల సంగతి నీకెందుకు? నడువు.”

క్షమాపణ అడగడం చేతకాని మనిషి ఇలాగే మాట్లాడుతుంది. అతను సీటు కింద నుంచి తువ్వాలు మూట తీసుకుని ముందు నడిచాడు.

ఆ కొండను నాగ పహాడ్ అంటారు. ఊరి చివరి ఇసుక దాటాక రాతి దారి మొదలైంది. మెట్లు లేవు. గొర్రెలు నడిచి చేసిన బాట. రెండువైపులా తుమ్మ కంప, మా పొలం గట్ల మీద ఉండేదే. ఊపిరి బరువెక్కింది. చలికాలం కాబట్టి సరిపోయింది గానీ, పొద్దెక్కేకొద్దీ రాళ్లు వేడెక్కి కళ్ల ముందు గాలి ఆడింది. పీరు పది అడుగులు ముందు నడిచి, నేను ఆగినప్పుడల్లా ఆగేవాడు. చెయ్యి అందించబోయి, మళ్లీ వెనక్కి తీసుకునేవాడు. మూడోసారి నేనే ఆ చెయ్యి పట్టుకున్నాను. దూదేకులవాడి కొడుకు చెయ్యి, స్టీరింగు పట్టి పట్టి రాయిలా ఉంది.

రెండున్నర గంటలకు పైకి చేరాం. ఒక బండ మీద కూలబడ్డాను. వెనక్కి చూస్తే పుష్కరం, సరస్సు, దాని అవతల కనుచూపు మేర ఇసుక. పక్కగా సావిత్రి కొండ కనపడుతోంది. మెట్ల మీద చీరల రంగులు చీమల బారులా కదులుతున్నాయి, మావాళ్లే అయ్యుంటారు. నేను తేవాల్సిన కుంకుమ అక్కడ ఉంది. ముందుకు చూస్తే అజ్మీర్. పీరు చెయ్యి చాచి గుమ్మటం ఎక్కడో చూపించాడు. నాకు సరిగ్గా ఆనలేదు.

ఏదో ఒకటి మాట్లాడాలని అడిగాను: “మీ అమ్మకు పళ్లున్నాయా పీరూ? ఎండు మెతుకులు నమలగలదా? లేకపోతే పాలల్లో నానబెట్టి పెట్టమను.”

అతను కింద నుంచి ఒక రాయి తీసి అటూ ఇటూ తిప్పాడు.

“మా అమ్మ లేదండీ టీచరుగారూ.”

“లేదంటే?”

“మధురలో ఇంటికి ఫోన్ చేశాను కదండీ. ఆ తెల్లారే పోయిందంట. నజ్మీన్ చెప్పింది. నజ్మీన్ నా భార్యండీ. నేను రైలెక్కి పోయినా రెండ్రోజులు. మట్టి చెయ్యడం అంతసేపు ఆగదు కదండీ. సాయంత్రానికే చేసేశారు.”

ఏడు రోజుల కిందటి మాట. ఏడు రోజులుగా ఈ మనిషి మమ్మల్ని గుళ్ల చుట్టూ తిప్పుతున్నాడు.

“మాకెందుకు చెప్పలేదయ్యా?”

“యాత్రలో చావు కబురేంటండీ? మీరంతా గుళ్లకు పోయేవాళ్లు. కొందరు మైలంటారు, కొందరు అపశకునమంటారు. బస్సు ఆపాలంటే త్రినాథ్ గారు ఆ మధురలో ఇంకో డ్రైవర్ని ఎక్కణ్ణించి తెస్తారు? నలభై రెండు మంది పెద్దవాళ్లున్నారండీ బస్సులో.”

ఇక్కడ నేను నిజమే రాయాలి. అతని మాట వినగానే నా మనసులోకి వచ్చిన మొదటి మాట జాలి కాదు. మైలతో ఉన్న మనిషి నడిపిన బస్సెక్కి నేను ఘాటులో స్నానం చేసి పూజ చేశానే అన్నది. ఒక్క క్షణమే. కానీ వచ్చింది. ఆ క్షణం నన్ను చూసి నాకే రోత పుట్టింది. మరుక్షణం మధురలో బోర్లించిన పళ్లెం గుర్తొచ్చింది.

“ఆ రోజు నేనన్న మాట నీకు వినపడిందా?”

“వినపడిందండీ.”

వినపడలేదని చెప్పొచ్చు. చెప్పలేదు. అబద్ధంతో నాకు ఊరట ఇవ్వాల్సిన బాధ్యత అతనికి లేదు. నాకు ఏడుపొచ్చింది. పైట నోట్లో కుక్కుకుని ఏడ్చాను. అతను అటు తిరిగి నిలబడ్డాడు.

“మరి ఈ అన్నం ఎవరికి?” అన్నాను కళ్లు తుడుచుకుని.

“అమ్మ పోయిన నలభయ్యో రోజు వాడలో పంచాలండీ. అమ్మ మొక్కు కదా. అమ్మ పోతే మొక్కు పోదు కదండీ.”

దిగడానికి గంటన్నర పట్టింది. దర్గా గుమ్మం ముందు నేను పైట తలమీదుగా కప్పుకున్నాను. లోపల గుంపుతో పాటు నడిచి కాగుల దగ్గరికి వెళ్లాం. మనిషి లోపల నిలబడేంత కాగులు. ఖాళీగా ఉన్నాయి. పంచడం పొద్దున్నే అయిపోయిందన్నాడు అక్కడున్నాయన. మళ్లీ రేపేనట, అది కూడా ఎవరైనా వండిస్తేనే.

పీరు పదండి పోదాం అన్నట్టు నా వైపు చూశాడు. నేను కదల్లేదు. చుట్టూ చూశాను. గోడ నీడన ఒక ముసలామె కూర్చుని ఉంది. తలమీద కప్పుకున్న ఎర్ర ఓఢ్నీ, కాళ్లకు వెండి కడియాలు, ఎండకు నల్లబడిన మొహం. ఒళ్లో రేకు డబ్బా. దాని మూత పక్కన ఒక పసుప్పచ్చ మెతుకు అంటుకుని ఉంది.

నా జన్మలో నేను ఎవర్నీ ఏదీ అడగలేదు. ముప్ఫై మూడేళ్లు హిందీలో ఆజ్ఞలు చెప్పానే గానీ, అడుక్కోలేదు. ఆమె ముందు నేల మీద కూర్చున్నాను. వచ్చిన హిందీలోనే చెప్పాను. ఈ అబ్బాయి తల్లి చనిపోయింది. ఆమె మొక్కు అన్నం ఇతను కొండ దాటి తెస్తే, నేను మాంసమనుకుని మట్టిలో పారబోశాను. నాకు కొంచెం పెట్టమ్మా.

ఆమె నన్ను చాలాసేపు చూసింది. బికనేర్ దగ్గర పల్లెటూరట ఆమెది. మనవడి కోసం వచ్చిందట. ఎంతమందికి కావాలంది. ఒక వాడకు అన్నాను. నవ్వింది. పీరు తువ్వాలు మూట విప్పి తన స్టీలు పళ్లెం చాచాడు. ఆమె డబ్బా ఎత్తి సగానికి పైగా అందులోకి వంచింది. చాలమ్మా, నీ మనవడికి ఉంచుకో అంటే, మావాడు చిన్నవాడు, నాలుగు మెతుకులు చాలు అంది. నేనామె చెయ్యి కళ్లకద్దుకున్నాను. పేరు అడగడం కూడా మర్చిపోయాను.

బస్సు వేళ అవుతోందని జీపెక్కి ఒంటిగంటన్నరకు పుష్కరం చేరాం. బస్సులో కుంకుమ పొట్లాలు పంచుకుంటున్నారు. ఎక్కడికి పోయావు టీచరూ అని అందరూ మీదపడ్డారు. అజ్మీర్ చూసొచ్చానన్నాను. శివపార్వతి తన పొట్లంలో సగం నాకిచ్చింది.

ఆ మెతుకులు ఎండబెట్టే పని నేనే తీసుకున్నాను. ఆ విషయంలో నాకు తెలియంది లేదు. ఉజ్జయిని సత్రం మేడ మీద, నాసిక్‌లో బస్సు టాపు మీద, పలచగా పరిచి, గంటకోసారి తిరగేస్తూ, కళ్లంలో కాయల దగ్గర కూర్చున్నట్టు కాపలా కూర్చున్నాను. మదార్‌బీ పోయిన సంగతి ఎవరికీ చెప్పలేదు. అది చెప్పుకోవాల్సింది పీరు.

ఒక్కటి మాత్రం చెయ్యలేకపోయాను. ఆ పన్నెండు రోజులూ అతను బస్సు మెట్టు మీదే తిన్నాడు. యలమంద పైనుంచే వడ్డించాడు. పీరూ, వచ్చి మాతో పాటు కూర్చో అని ఒక్క మాట అంటే సరిపోయేది. నలభై ఒక్క మంది ముందు ఆ మాట నా నోటి నుంచి రాలేదు. అంత పెద్ద గొంతు నాది.

నలభయ్యో రోజుకి పెదకాకాని వెళ్లాను. మార్చి మొదలు, దారి పొడవునా కళ్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. పీరు వాళ్లది రెండు గదుల రేకుల ఇల్లు. వసారాలో మూలకి పాత దూది విల్లు ఆనించి ఉంది, పక్కన చుట్టిపెట్టిన పరుపు. వాకిట్లో చాపలు పరిచి వాడ జనాన్ని కూర్చోబెడుతున్నారు. ఆ ఎండు మెతుకుల్ని నజ్మీన్ పాలల్లో ఉడికించి పెద్ద గిన్నెనిండా చేసింది. తలా రెండు గరిటెలు. బికనేర్ ముసలమ్మ ఇచ్చింది ఒక వాడకు సరిపోయింది.

పీరు నన్ను లోపలికి తీసుకెళ్లి కుర్చీ వేశాడు. ముందు చిన్న బల్ల. బల్ల మీద కొత్త స్టీలు పళ్లెం, కంపెనీ కాగితం కూడా ఇంకా ఊడలేదు. యలమంద లోపల నుంచి గిన్నెలు పట్టుకుని వచ్చాడు. పప్పు, పులుసు, వేపుడు.

“బయట వాళ్లకు వేరే వంటండీ టీచరుగారూ. మీకని యలమందని పిలిపించి, విడిగా పొయ్యి పెట్టించాను. గిన్నెలు కొత్తవే. పళ్లెం కూడా నిన్ననే తెచ్చాను. ఎవరూ ముట్టుకోలేదండీ,” అన్నాడు పీరు.

ఎంతో గౌరవంగా అన్నాడు. అందులో ఎత్తిపొడుపు లేశమైనా లేదు. అతనికి మర్యాద అంటే అదే, మేం ముప్ఫై ఆరు రోజులు అతనికి నేర్పింది అదే.

“నీ పళ్లెమేదీ?” అన్నాను.

“ఏదండీ?”

“బస్సులో నువ్వు తినేది. దాంట్లో పెట్టించు. ఆ తీపన్నం పెట్టించు ముందు. నేను బయట చాప మీద కూర్చుంటాను.”

అతను నజ్మీన్ వంక చూశాడు. ఆమె లోపలికెళ్లి పళ్లెం తెచ్చి నా చేతికిచ్చింది. వాడ ఆడవాళ్ల మధ్య చాప మీద కూర్చున్నాను. రెండు గరిటెలు వడ్డించారు. తిన్నాను. ఆఖరి ముద్ద తీశాక పళ్లెం మధ్యలో అక్షరాలు కనపడ్డాయి. చుక్కలు చుక్కలుగా కొట్టిన పేరు, అరిగిపోయింది గానీ చదవడానికి వస్తోంది. మదార్‌బీ.

“అత్తమ్మదండీ. పరుపులు కుట్టిన డబ్బులతో కొనుక్కున్న మొదటి స్టీలు పళ్లెమంట,” అంది నజ్మీన్.

పీరు నా ఎదుట గొంతుక్కూర్చున్నాడు.

“బయల్దేరే రోజు సంచిలో తనే పెట్టిందండీ. నేను ఎటూ రాలేను, నా పళ్లెమైనా ఆ దర్గా చూసొస్తుంది, తీసుకుపో అంది.”

నేను లేచి పంపు దగ్గరికి వెళ్లాను. నజ్మీన్ వెనకాలే వచ్చి ఇటివ్వండమ్మా అని చెయ్యి చాచింది. ఇవ్వలేదు. ఆ పళ్లెం నేనే కడిగాను.